గుర్తులు లేని కూడళ్లు: దారి ఎవరిదన్న సందిగ్ధత, రహదారి క్రోధం

వ్యాససంగ్రహం

గీతలు, సూచిక ఫలకాలు సరిగా లేని రహదారి కూడళ్లలో ముందు ఎవరు వెళ్లాలన్న ప్రశ్న నిత్యం తలెత్తుతుంది. దాని నుంచి పుట్టే తగాదాలను వాహన చోదకుల దుడుకుతనానికో సంస్కారలోపానికో ఆపాదించడం పరిపాటి. ఈ వ్యాసం ఆ ఆపాదనను ప్రశ్నిస్తుంది. తగవులో ఉన్న ఇద్దరూ తమ తమ దృష్టిలో న్యాయం తమవైపే ఉందని నమ్మడానికి గుర్తులు లేని కూడలి ఎలా అవకాశం కల్పిస్తున్నదో మోటారు వాహనాల చట్టం, రహదారి నియమాలు, తెలుగు ప్రాంతాల రహదారి వ్యవహారం, సామాజిక మనస్తత్వ పరిశోధనల ఆధారంగా వివరిస్తుంది.

కీలక పదాలు: కూడలి, దారి ఇవ్వడం, ప్రాధాన్య నియమం, రహదారి గుర్తులు, రహదారి క్రోధం, మోటారు వాహనాల చట్టం.

1. ప్రవేశిక

తెలంగాణలో చౌరస్తా, కోస్తా జిల్లాల్లో సెంటరు, రాయలసీమలో సర్కిల్, ఉత్తరాంధ్రలో జంక్షన్. దారులు కలిసే చోటుకు తెలుగువారు వాడే పేర్లివి. పత్రికాభాష వీటన్నిటికీ కలిపి ‘కూడలి’ అన్న మాటను స్థిరపరచింది. పేరు ఏదైనా ఆ స్థలానికి ఒక ప్రత్యేకత ఉంది. రహదారి పొడవునా ఎవరి వరుసలో వారు సాగిపోవచ్చు గానీ, కూడలిలో మాత్రం ఒకే జానెడు నేల ఒకే క్షణంలో ఇద్దరికి కావలసి వస్తుంది. రెండేసి వరుసల రోడ్లు రెండు అడ్డంగా కలిసే నాలుగు దారుల కూడలిలో వాహన మార్గాలు ఒకదానితో ఒకటి తగిలే బిందువులు 32 ఉంటాయని ట్రాఫిక్ ఇంజనీరింగ్ లెక్క. మూడు దారుల కూడలిలో అవి 9. ఒక్కో బిందువు దగ్గర ఎవరో ఒకరు ఆగాలి.

ఎవరు ఆగాలన్నది చెప్పడానికి సిగ్నల్ దీపం, పోలీసు, స్టాప్ ఫలకం, నేల మీద తెల్లని గీత వంటి సాధనాలు ఉన్నాయి. ఇవేవీ లేని చోట, లేదా ఉన్నా చెరిగిపోయిన చోట, ఆ నిర్ణయం చోదకుల మీద పడుతుంది. అది కూడా రెండు మూడు సెకన్లలో, పరిచయం లేని మనిషితో, మాట్లాడుకునే వీలు లేకుండా తీసుకోవలసిన నిర్ణయం.

కేంద్ర రోడ్డు రవాణా, జాతీయ రహదారుల మంత్రిత్వ శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది మరణించారు. ఈ వార్షిక నివేదికలు కూడళ్లను వాటి ఆకారాన్ని బట్టి, నియంత్రణ విధానాన్ని బట్టి వర్గీకరిస్తాయి. ‘నియంత్రణ లేనివి’ అన్నది అందులో ఒక వర్గం. గుర్తులు అసలు వేయని కూడలి, వేసినవి చెరిగిపోయిన కూడలి, ఫ్లెక్సీ వెనుక ఫలకం దాగిన కూడలి ఆ లెక్కల్లో విడివిడిగా కనబడవు. చోదకుడికి మాత్రం ఈ మూడూ ఒకటి కావు. సగం చెరిగిన గీత ఒకరికి కనబడి మరొకరికి కనబడకపోవచ్చు. తగవు అక్కడ మొదలవుతుంది.

2. ‘దారి హక్కు’ అన్న మాట

ఆంగ్లంలోని ‘రైట్ ఆఫ్ వే’ అన్న పారిభాషిక పదాన్ని తెలుగులో ‘దారి హక్కు’ అనడం వాడుకలో ఉంది. ఈ అనువాదం ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. తెలుగు గ్రామీణ వ్యవహారంలో దారి హక్కు అంటే పక్కవాడి పొలం గట్టు మీదుగా తన పొలానికి బండి తోలుకుపోయే హక్కు. 1882 నాటి భారతీయ సౌకర్య హక్కుల చట్టం పరిధిలోకి వచ్చేది, కోర్టుల్లో తరాల తరబడి నలిగేది ఆ హక్కు. అది స్థిరమైనది, భూమితోపాటు వారసులకు సంక్రమిస్తుంది, ఎవరైనా అడ్డుపెడితే దావా వేసి సాధించుకోదగినది.

రహదారి నియమంలోని భావం ఇందుకు దాదాపు విరుద్ధం. 1989 నాటి రహదారి నియమావళిలోని 9వ నియమానికి శీర్షికే ‘కూడలి దగ్గర వాహనాలకు దారి ఇవ్వడం’; నియమ పాఠం ఎవరికీ ఏ హక్కునూ ప్రసాదించదు. ప్రధాన రహదారిగా నిర్దేశితమైన దారిలోకి ప్రవేశించే చోదకుడు ఆ దారిలో సాగుతున్న వాహనాలకు దారి ఇవ్వాలి. తక్కిన సందర్భాలలో తన కుడిచేతి వైపు నుంచి వచ్చే వాహనాలకు దారి ఇవ్వాలి. చెప్పినదంతా ఇవ్వవలసినవాడి విధి గురించే. పుచ్చుకునేవాడికి దక్కేది ఆ విధి వల్ల కలిగే క్షణకాలపు సౌకర్యం మాత్రమే. దానికి ముందున్న 8వ నియమం, ఎవరికీ ప్రమాదం కలగదని తెలుసుకునేంతవరకు ఏ చోదకుడూ కూడలిలోకి ప్రవేశించరాదని, కూడలిని సమీపిస్తూనే వేగం తగ్గించాలని చెబుతుంది. ఈ జాగ్రత్త దారి ఇవ్వవలసినవాడికీ, పుచ్చుకునేవాడికీ సమానమే. 1989 నియమావళి స్థానంలో వచ్చిన 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నియమావళి కూడా కుడివైపు నుంచి వచ్చేవారికి దారి ఇవ్వాలన్న మూల సూత్రాన్ని విడిచిపెట్టలేదు.

‘హక్కు’ అన్న మాట మనసులో నాటుకున్న చోదకుడు కూడలిలో ఎదుటివాడి చర్యను పొరపాటుగా చూడలేడు, కబ్జాగా చూస్తాడు. ఇందుకు తోడు తెలుగు క్రియాపదాలు కూడా చోదకుడికి సాయపడవు. ‘దారి ఇవ్వడం’ అంటే ఇచ్చేవాడి చేయి పైన ఉంటుంది. రోడ్డు మీద వినబడే మాట అది కాదు, ‘తప్పుకో’. ‘తప్పు’ అన్న ధాతువు నుంచే దోషాన్ని సూచించే నామవాచకమూ, పక్కకు జరగడాన్ని సూచించే క్రియా వచ్చాయి. తప్పుకున్నవాడు తప్పు ఒప్పుకున్నట్లు ధ్వనించే భాషలో, పదిమంది చూస్తుండగా తప్పుకోవడానికి కొంత మనోనిబ్బరం కావాలి. ఆంగ్ల పదానికి దీటుగా ‘దారి ప్రాధాన్యం’ అని గానీ, విధిని ముందుకు తెచ్చే ‘దారి ఇచ్చే నియమం’ అని గానీ పాఠ్యపుస్తకాలు, లైసెన్సు పరీక్షల ప్రశ్నపత్రాలు వాడితే మేలు.

3. నియమం చెప్పేది, కూడలిలో కనబడేది

కుడివైపువారికి దారి ఇవ్వాలన్న నియమం వెనుక రేఖాగణితం ఉంది. ఎడమ పక్కగా నడిచే దేశంలో, అడ్డరోడ్డు మీద కుడివైపు నుంచి వచ్చే వాహనం చోదకుడికి దగ్గరగా ఉన్న సగభాగంలోంచి వస్తుంది. అతడు కూడలిలో అడుగుపెట్టగానే మొదట ఎదురయ్యేది ఆ వాహనమే. ఎడమవైపు నుంచి వచ్చేది అవతలి సగంలో ఉంటుంది. కొండదారుల్లో ఎగువకు ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలన్న నియమం కూడా ఇటువంటిదే. దానిలోని హేతువు చెప్పకుండానే తెలుస్తుంది, అందుకే ఘాట్ రోడ్ల మీద దాన్ని ఎక్కువమంది పాటిస్తారు. కుడివైపు నియమంలోని హేతువు అంత సులభంగా కంటికి ఆనదు.

పైగా అది అన్ని కూడళ్లకూ ఒకేలా ఒదగదు. మూడు దారుల కూడలిని తీసుకోవచ్చు. దక్షిణం నుంచి ఉత్తరానికి తిన్నగా ఒక రోడ్డు ఉంది; తూర్పు నుంచి ఒక వీధి వచ్చి దానిలో కలుస్తుంది. ఉత్తరానికి వెళ్తున్న చోదకుడికి ఆ వీధి కుడిచేతి వైపు. ఏది ప్రధాన రహదారో చెప్పే ఫలకం లేదు. నియమాన్ని అక్షరాలా వర్తింపజేస్తే అతడు వేగం తగ్గించి వీధిలోంచి వచ్చే బండికి దారి ఇవ్వాలి. అదే రోడ్డు మీద దక్షిణానికి వస్తున్న చోదకుడికి కుడివైపున ఏ దారీ లేదు కాబట్టి అతడు ఎవరికీ దారి ఇవ్వనక్కరలేదు. వీధిలోంచి వచ్చేవాడే అతడికి దారి ఇవ్వాలి. అంటే ఒకే రోడ్డు మీద ఒక దిశలో పోయేవారికి ఒక న్యాయం, ఎదురు దిశలో వచ్చేవారికి మరొక న్యాయం. తెలుగునాట ఈ పద్ధతిని పాటించే చోదకుడిని వెతకడం కష్టం. తిన్నగా పోయేవాడిదే దారి, పక్క వీధిలోంచి వచ్చేవాడు ఆగాలన్నది అందరి నమ్మకం. ఆ నమ్మకం సహేతుకమే. అయితే దాన్ని నియమంగా మార్చేది ఆ వీధి చివర నిలబెట్టవలసిన ఫలకం ఒక్కటే. అది లేనంతవరకు వీధిలోంచి వచ్చేవాడు చట్టాన్ని చూపగలడు, తిన్నగా పోయేవాడు లోకరీతిని చూపగలడు.

‘ప్రధాన రహదారి’ అన్న మాటలో మరొక చిక్కు ఉంది. నియమం కోరేది నిర్దేశితమైన ప్రధాన రహదారి. నిర్దేశం కంటికి కనబడనప్పుడు చోదకుడు ఆనవాళ్లు వెతుక్కుంటాడు. వెడల్పైన రోడ్డా, బస్సు తిరిగే రోడ్డా, తారు కొత్తగా వేసిన రోడ్డా, రద్దీ ఉన్న రోడ్డా? పట్టణాలు పెరుగుతున్న కొద్దీ ఈ ఆనవాళ్లు ఒకదానితో ఒకటి విభేదిస్తాయి. దశాబ్దాలుగా బస్సు తిరిగిన పాత రోడ్డు ఇరవై అడుగులే ఉంటుంది. లేఅవుట్ల మధ్య కొత్తగా వేసిన అరవై అడుగుల రోడ్డు దాన్ని అడ్డంగా కోస్తుంది. పాత ఊరివాడికి పాతది ప్రధానం. కొత్త కాలనీవాడికి వెడల్పైనదే ప్రధానం. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడడం లేదు.

నాలుగు వైపుల నుంచీ నాలుగు బండ్లు ఒకేసారి వస్తే కుడివైపు నియమం చేతులెత్తేస్తుంది. ప్రతివాడికీ కుడివైపున మరొకడు ఉంటాడు గనుక నియమం ప్రకారం ఎవరూ కదలకూడదు. ఇది పుస్తకాల్లోని చమత్కారంగా కనబడవచ్చు గానీ, ద్విచక్ర వాహనాలు పాయలుగా వచ్చే పట్టణ కూడలిలో దాని మరో రూపం రోజూ కనబడుతుంది. కుడివైపు నుంచి వచ్చే బైకుల ధార తెగదు. నియమం పాటించి నిలిచినవాడికి ఎంతకీ వంతు రాదు, వెనుకనున్నవారు హారన్ ఆపరు. చివరికి అతడు ముందుచక్రాన్ని కొద్దికొద్దిగా దూర్చి, ఎదుటివాడు బ్రేకు వేసేలా చేసి బయటపడతాడు. మంచి చోదకుడిని దూర్చేవాడిగా మార్చేది అనుభవమే.

నియమం ఒక్కటి స్పష్టం కావడం వల్ల కూడలి స్వభావమే మారిన సందర్భం బ్రిటన్‌లో ఉంది. అక్కడి వలయాకార కూడళ్లలో 1966కు ముందు వలయంలో తిరుగుతున్నవారికీ కొత్తగా ప్రవేశించేవారికీ మధ్య ప్రాధాన్యం స్థిరంగా ఉండేది కాదు. రద్దీ వేళ ప్రవేశించేవారు వలయాన్ని నింపేసేవారు. బయటికి పోవలసినవారికి దారి మూసుకుపోయి చక్రమంతా బిగుసుకుపోయేది. 1966లో, ప్రవేశించేవారు కుడివైపు నుంచి వలయంలో వస్తున్నవారికి దారి ఇవ్వాలన్న నియమం అమలులోకి వచ్చింది. బిగుసుకుపోవడం తగ్గింది, తరువాతి కాలంలో వలయాలను చిన్నవిగా కట్టే వీలు కూడా కలిగింది. ప్రతి ప్రవేశమార్గం దగ్గరా ఆ నియమాన్ని నేల మీద గీసి చూపడం ఈ మార్పులో భాగం.

4. గీత లేని చోట పుట్టే భాష

ముందుగా మాట్లాడుకోకుండానే ఇద్దరు వ్యక్తులు ఒకే నిర్ణయానికి రావాలంటే ఇద్దరికీ ఒకేలా స్ఫురించే ఆనవాలు ఏదో ఒకటి ఉండాలని ఆర్థికశాస్త్రవేత్త థామస్ షెల్లింగ్ 1960లో వెలువడిన తన గ్రంథంలో ప్రతిపాదించాడు. రహదారి గీత అటువంటి ఆనవాలే. అది లేకపోతే చోదకులు ఊరుకోరు. సొంతంగా సంజ్ఞలు కల్పించుకుంటారు. భారతీయ రహదారుల మీద అలా ఏర్పడిన భాష గొప్పది. కాకపోతే దానికి నిఘంటువు లేదు.

ముందు దీపాన్ని రెండుసార్లు మెరిపించడం ఇక్కడ సాధారణంగా ‘నేను వస్తున్నాను, ఆగు’ అన్న హెచ్చరిక. కొన్ని దేశాల్లో అదే సంజ్ఞను ‘నువ్వు ముందు వెళ్లు’ అన్న మర్యాదగా వాడతారు. విదేశంలో కొన్నేళ్లు కారు నడిపి తిరిగివచ్చిన తెలుగువాడు దీపం మెరవగానే కృతజ్ఞతతో ముందుకు కదిలితే ఏమవుతుందో ఊహించవచ్చు. ఆగిపోయిన వాహనాన్ని సూచించడానికి ఉద్దేశించిన నాలుగు దీపాల మినుకును ఇక్కడ చాలామంది కూడలి దాటి తిన్నగా పోతున్నామని చెప్పడానికి వేస్తారు. పక్కనుంచి చూసేవాడికి వాహనం ఒక వైపు దీపమే కనబడుతుంది. బండి తన వైపు తిరుగుతోందని అనుకుంటాడు. తిన్నగా పోతానని చెప్పబోయి తిరుగుతానని చెప్పడమన్నమాట.

వీటన్నిటికంటే ప్రమాదకరమైనది లారీ కుడి దీపం. రహదారి మీద ముందు పోతున్న లారీ చోదకుడు కుడి సూచిక వేశాడంటే ‘వెనకవాడా, దాటి వెళ్లు’ అని అర్థం చేసుకోవడం పాత అలవాటు. ఆ లారీయే విభాజకం తెగిన చోట నిజంగా కుడివైపు తిరగడానికి అదే దీపం వేస్తుంది. ఒకే దీపానికి రెండు అర్థాలు, అవి కూడా పరస్పరం వ్యతిరేకం. ముందున్నది కూడలి అని తెలిపే ఫలకం ఉంటే వెనుకవాడు సరైన అర్థం తీసుకోగలుగుతాడు. లేకపోతే అతడు కుడివైపు నుంచి దాటబోయి తిరుగుతున్న లారీ పక్కటెముకల్లోకి దూసుకుపోతాడు.

హారన్ సంగతి సరేసరి. లారీల వెనుక ‘హారన్ ప్లీజ్’ అని రంగులతో రాయించుకున్న దేశంలో అది తిట్టు కాదు, పలకరింపు. కానీ అదే ధ్వని కూడలిలో ఆగి ఉన్నవాడికి వెనుక నుంచి ఎడతెగకుండా వినిపిస్తే అవమానమవుతుంది.

‘ఫ్రీ లెఫ్ట్’ వివాదం ఈ కోవలోనిదే. హైదరాబాదు వంటి నగరాల్లో సిగ్నల్ ఎర్రగా ఉన్నా ఎడమవైపు తిరిగేవారికి దారి వదిలే కూడళ్లు ఉన్నాయి, వదలనివీ ఉన్నాయి. తిన్నగా పోవలసినవాడు ఎడమ వరుసలో నిలిస్తే వెనుకనున్నవారు అతడిని అడ్డుగా భావిస్తారు. 2022 అక్టోబరులో హైదరాబాదు ట్రాఫిక్ పోలీసులు ‘ఆపరేషన్ రోప్’ పేరుతో చేపట్టిన కార్యక్రమంలో స్టాప్ లైను దాటినవారికి రూ.100, ఫ్రీ లెఫ్ట్‌ను అడ్డగించినవారికి రూ.1,000 జరిమానా ప్రకటించారు. జరిమానా న్యాయమైనదే కావచ్చు. కానీ ఆ వరుస ఎడమవైపు తిరిగేవారిదని తెలిపే బాణం గుర్తు నేల మీద లేని కూడలిలో, ముందు వాహనాల నడుమ ఇరుక్కున్న కొత్తవాడు ఆ సంగతి వెనుకవారి హారన్ ద్వారానే తెలుసుకుంటాడు.

పాదచారి ఈ సంభాషణలో ఎక్కడా లేడు. నియంత్రణ లేని పాదచారుల దాటు దగ్గర ప్రాధాన్యం అతడిదేనని నియమం. ఆ ప్రాధాన్యమంతా జీబ్రా చారలకు అంటిపెట్టుకుని ఉంది. చారలు అరిగిపోతే అతడికి మిగిలేది చెయ్యి పైకెత్తి నడవడమే.

5. తగవులోని మూడు మాటలు

కూడలిలో వాహనాలు రాసుకున్నప్పుడో, రాసుకోబోయి ఆగినప్పుడో తెలుగునాట వినబడే సంభాషణకు ఒక క్రమం ఉంది. మొదటి మాట ‘కళ్లు కనబడటం లేదా?’. రెండవది ‘రోడ్డు నీ బాబుదా?’. మూడవది ‘నేనెవరో తెలుసా?’. మొదటి ప్రశ్న చూపు గురించి, రెండవది దారి గురించి, మూడవది మనిషి గురించి. తగవు మొదటి ప్రశ్న దగ్గరే ఆగితే ఎవరి దారిన వారు పోతారు. రెండవదాని దగ్గర నిజానికి సమాధానం చెప్పదగిన ఒక ప్రశ్న ఉంది: ఇక్కడ ముందు ఎవరు వెళ్లాలి? గీత ఉంటే దాన్ని చూపి ముగించవచ్చు. గీత లేనప్పుడు సమాధానం దొరకదు కాబట్టి తగవు మూడవ ప్రశ్నకు చేరుతుంది. అక్కడ రహదారి నియమాలతో పని లేదు. బండి ఖరీదు, అద్దం మీద ‘ప్రెస్’, ‘పోలీస్’ అన్న స్టిక్కరు, పార్టీ జెండా, ఫోనులో ఎవరికో చేసే కాలు మాట్లాడతాయి.

ఈ మూడవ దశలో సర్వనామాలు మారడం గమనించదగినది. ‘చూసి నడపండి’ అన్నది ‘చూసి నడుపు’ అవుతుంది. ‘ఏమండీ’ అన్నది ‘ఏమయ్యా’ మీదుగా ‘ఏరా’ దాకా దిగుతుంది. ‘ఏరా’ అన్న మాట పడిన తరువాత వాహనానికి తగిలిన గీత సంగతి ఎవరికీ గుర్తుండదు. ‘నన్ను రా అంటావా’ అన్నదే విషయమవుతుంది. చేయి లేవడం సాధారణంగా అక్కడే జరుగుతుంది. చుట్టూ చేరిన జనం అప్పటికప్పుడు పంచాయితీ పెడతారు. పెద్ద బండివాడిదే తప్పన్న అలిఖిత సూత్రం ఆ పంచాయితీలో బలంగా పనిచేస్తుంది. చట్టంలో అటువంటి సూత్రం లేదు. కానీ బైకు, కారు తగిలినప్పుడు కారువాడు, కారు, లారీ తగిలినప్పుడు లారీవాడు ముందుగానే సంజాయిషీ మొదలుపెట్టడం వెనుక ఉన్నది ఆ సూత్రమే.

హోదాకూ హారన్‌కూ ఉన్న సంబంధాన్ని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆంథోనీ డూబ్, అలన్ గ్రాస్ 1968లో ప్రచురించిన ప్రయోగంలో పరీక్షించారు. సిగ్నల్ పచ్చగా మారాక కూడా కదలని కారు ఖరీదైనదైతే వెనుకవారు ఎక్కువసేపు ఓపికపట్టారు. పాత డొక్కు కారైతే త్వరగా హారన్ కొట్టారు. విచిత్రమేమంటే, ఇదే పరిస్థితిని కాగితం మీద ఇచ్చి అడిగినప్పుడు పురుష విద్యార్థులు తాము ఖరీదైన కారు మీదే ముందుగా హారన్ కొడతామని చెప్పారు. రహదారి క్రోధాన్ని ప్రశ్నావళులతో మాత్రమే అధ్యయనం చేయాలనుకునే పరిశోధకులు ఈ ఫలితాన్ని గుర్తుంచుకోవాలి.

లాస్ ఏంజెలిస్ చోదకుల కోపాన్ని సమాజశాస్త్రవేత్త జాక్ కాట్జ్ 1999లో వెలువడిన గ్రంథంలో లోతుగా పరిశీలించాడు. చోదకుడికి కారు శరీరంలో భాగమైపోతుందనీ, ఎదుటివాడికి తన మాట వినబడని మూగతనం కోపాన్ని పెంచుతుందనీ అతడి వివరణ. మొదటి అంశం ఇక్కడికీ వర్తిస్తుంది. రెండవది పూర్తిగా వర్తించదు. ద్విచక్ర వాహనం మీద కూర్చున్నవాడి ముఖం, మాట రెండూ బహిరంగమే. ఇక్కడి చోదకుడికి మాట అందుతుంది, ఆ మాటే గాయం చేస్తుంది. పాశ్చాత్య సిద్ధాంతాలను తెలుగు రహదారులకు అన్వయించేటప్పుడు ఈ తేడాను దాటవేయరాదు. ఇతరుల తప్పును వారి స్వభావానికీ, తన తప్పును పరిస్థితికీ ఆపాదించే మానవ సహజ ధోరణి మాత్రం రెండు చోట్లా ఒకటే. తాను దూర్చితే ‘ఏం చేస్తాం, దారి ఇవ్వడం లేదు’. ఎదుటివాడు దూర్చితే ‘బుద్ధి లేదు’. కూడలి లోపం ఇద్దరి లెక్కలోకీ రాదు.

దారి గురించిన చిన్న మాట ఎంతదూరం పోగలదో చెప్పడానికి పాటియాలా ఉదంతం ఒక్కటి చాలు. 1988 డిసెంబరు 27న ఆ నగరంలోని ఒక కూడలి సమీపంలో రోడ్డు మధ్య నిలిపి ఉన్న వాహనాన్ని జరపమన్న దగ్గర మొదలైన గొడవలో 65 ఏళ్ల వృద్ధుడు మరణించాడు. క్రికెటర్ నవజ్యోత్ సింగ్ సిద్ధూ నిందితుడైన ఆ కేసులో సర్వోన్నత న్యాయస్థానం 2018లో రూ.1,000 జరిమానాతో సరిపెట్టి, పునఃసమీక్షలో 2022 మే 19న ఏడాది జైలుశిక్ష విధించింది. ముప్ఫై మూడేళ్లు గడిచాయి. భారత శిక్షాస్మృతిలో గానీ, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో గానీ ‘రహదారి క్రోధం’ అన్న పేరుతో నేరం లేదు. గాయపరచడం, అక్రమంగా అడ్డగించడం, బెదిరించడం, ఉద్దేశపూర్వకంగా అవమానించడం వంటి సెక్షన్ల కింద అది చెదిరిపోతుంది. ఆ తగవు ఏ కూడలిలో, ఏ గుర్తు లేనందువల్ల మొదలైందన్నది నేరారోపణలో భాగం కాదు.

6. విగ్రహం చుట్టూ

తెలుగు పట్టణాల కూడళ్లకు ఉన్న మరో లక్షణం నడిమధ్య విగ్రహం. దిమ్మె చిన్నది, చుట్టూ ఇనుప కటకటాలు. ఇది వలయాకార కూడలా, లేక నాలుగు దారుల కూడలిలో అడ్డుగా నిలిచిన కట్టడమా? కుడివైపు తిరిగేవాడు విగ్రహాన్ని చుట్టి రావాలా, దాని ముందు నుంచే మళ్లాలా? చుట్టి వచ్చేవాడు, ముందే మళ్లేవాడు విగ్రహం పాదాల దగ్గర ముఖాముఖి అవుతారు. వలయమైతే లోపల తిరుగుతున్నవాడికి ప్రవేశించేవాడు దారి ఇవ్వాలి. వలయం కాకపోతే లెక్క వేరు. బాణపు గుర్తులున్న ఫలకం ఒకటి దిమ్మెకు తగిలిస్తే తేలిపోయే ప్రశ్న ఇది. 2013 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానం రహదారులు, కాలిబాటల మీద కొత్తగా విగ్రహాల ప్రతిష్ఠకు అనుమతి ఇవ్వరాదని రాష్ట్రాలను ఆదేశించింది. ఉన్నవాటి చుట్టూ వాహనాలు ఎలా తిరగాలన్న ప్రశ్న ఎక్కడికక్కడే ఉంది.

గుర్తులన్నీ తీసేస్తేనే చోదకులు జాగ్రత్తగా నడుపుతారన్న వాదన ఒకటి ఇటీవలి చర్చల్లో వినబడుతుంది. నెదర్లాండ్స్ ట్రాఫిక్ ఇంజనీరు హాన్స్ మాండర్‌మన్ ఆలోచనలతో ద్రాఖ్తెన్ పట్టణంలో సిగ్నళ్లు తొలగించి పునర్నిర్మించిన కూడలిని ఇందుకు ఉదాహరణగా చూపుతారు. ఆ కూడలి ఖాళీగా వదిలేసిన స్థలం కాదు. నేల పరుపు, దారుల వెడల్పు, మధ్య వలయం, పాదచారుల చోటు అన్నీ వేగాన్ని తగ్గించేలా పనిగట్టుకుని కట్టినవి. నిర్మాణమే అక్కడ గుర్తు. గుర్తులు తీసేయడం ఒక రూపకల్పన. వేయకపోవడం రూపకల్పన కాదు.

7. గీత ఎవరిది?

స్టాప్ ఫలకం అష్టభుజిగా, దారి ఇవ్వమని చెప్పే ఫలకం తలకిందులైన త్రిభుజంగా ఉంటాయి. అక్షరాలు మాసిపోయినా, వెనుక నుంచి చూసినా ఆకారాన్ని బట్టే పోల్చుకోవచ్చన్నది ఆ ఎంపికలోని సౌలభ్యం. 1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఫలకాలకు 67వ సంఖ్యతో, నేల మీది గుర్తులకు 35వ సంఖ్యతో ప్రమాణ సంహితలు రూపొందించి ఎప్పటికప్పుడు సవరిస్తూ వస్తున్నది. ప్రమాణాలకు కొరత లేదు. అవి నేల మీదికి రావడం దగ్గరే చిక్కు. తారు కొత్తగా పరిచిన మరునాటి నుంచి బండ్ల వేగం పెరుగుతుంది, గీతలు మాత్రం ఎప్పటికో పడతాయి. ఈ మధ్యకాలంలో కూడలి పాతదాని కంటే ప్రమాదకరం. నునుపైన నల్లని నేల మీద ఎవరికి వారు తమదే ప్రధాన రహదారి అనుకుంటారు.

చోదకుడి శిక్షణ కూడా ఈ లోపాన్ని పూడ్చడం లేదు. లైసెన్సు కోసం ఎనిమిది అంకె ఆకారంలో, హెచ్ అక్షరం ఆకారంలో బండి తిప్పి చూపే ట్రాక్ మీద అభ్యర్థి ఒంటరి. ఎదురు వచ్చే వాహనంతో వంతు తేల్చుకోవలసిన అవసరం అతడికి మొదటిసారి కలిగేది నిజమైన కూడలిలోనే.

చట్టం 2019లో రెండు వైపులా కదిలింది. మోటారు వాహనాల చట్టంలోని 184వ సెక్షన్‌కు చేసిన సవరణ స్టాప్ గుర్తును ఉల్లంఘించడాన్ని ప్రమాదకర చోదనంలో చేర్చింది. అదే సవరణతో వచ్చిన 198ఎ సెక్షన్, రహదారి రూపకల్పన, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాలు పాటించనందువల్ల మరణం గానీ అంగవైకల్యం గానీ సంభవిస్తే బాధ్యులైన అధికార సంస్థకు, గుత్తేదారుకు, సలహాదారుకు లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చని చెబుతుంది. రహదారి స్థితి ప్రమాదకరంగా ఉందని బాధ్యులకు తెలుసా, మరమ్మతుకు ముందు హెచ్చరిక ఫలకాలు పెట్టారా అన్నవి న్యాయస్థానం పరిశీలించవలసిన అంశాలలో ఉన్నాయి. చోదకుడి నడవడితోపాటు స్థలం నడవడిని కూడా విచారించవచ్చని ఒప్పుకున్న సెక్షన్ ఇది. మరణమో వైకల్యమో సంభవిస్తే తప్ప అది మేల్కోదన్నది దాని పరిమితి. రోజూ జరిగే వందల చిన్న తగవులకు అందులో చోటు లేదు.

పైగా బాధ్యులెవరో తేల్చడం సులువు కాదు. కూడలిలో రెండు రోడ్లతోపాటు తరచు రెండు శాఖలు కలుస్తాయి. జాతీయ రహదారి ఒక సంస్థది, దానిలో కలిసే ఊరి రోడ్డు పంచాయతీరాజ్ శాఖది; పట్టణంలోనైతే రోడ్లు భవనాల శాఖ రోడ్డును పురపాలక సంఘం రోడ్డు కోస్తుంది. స్టాప్ ఫలకం పెట్టవలసింది చిన్నరోడ్డు చివర. దాని వల్ల మేలు ఎక్కువగా కలిగేది పెద్దరోడ్డు మీద పోయేవారికి. చిన్నరోడ్డు యజమానికి నిధులు తక్కువ, పెద్దరోడ్డు యజమానికి ఆ అంచు తన హద్దు కాదన్న సాకు ఉంది. గీత ఆ హద్దు దగ్గరే ఆగిపోతుంది.

ఈ విషయంలో తెలుగు ప్రాంతాల నుంచి క్షేత్రస్థాయి అధ్యయనాలు రావలసిన అవసరం ఉంది. అందుకు పెద్ద పరికరాలు అక్కరలేదు. గుర్తులు లేని ఒక మూడు దారుల కూడలిని ఎంచుకుని, గీతలు వేయడానికి ముందు కొన్ని రోజులు, తరువాత కొన్ని రోజులు ఒకే వేళల్లో నమోదు చేయవలసినవి నాలుగైదు ఉన్నాయి: ఎన్నిసార్లు హారన్ మోగింది, ఎంతమంది ఆగి మళ్లీ ఆగారు, ఎన్నిసార్లు ఇద్దరూ ఒకేసారి కదిలి ఒకేసారి బ్రేకు వేశారు, మాటామాటా ఎన్నిసార్లు పెరిగింది, పెరిగినప్పుడు ఏ సర్వనామం దగ్గర పెరిగింది. చివరి అంశాన్ని నమోదు చేయడానికి ఇంజనీరింగ్ విద్యార్థితోపాటు తెలుగు భాషాశాస్త్ర విద్యార్థి కూడా ఆ కూడలిలో నిలబడాలి.